రఘునాథ నాయకుడు: వీణ మీద ఇరవై నాలుగు మెట్లు

మన హాస్టళ్ళలో గిటార్ వాయించేవాళ్ళు అంతస్తుకి ఇద్దరైనా ఉంటారు. గిటార్ మెడ మీద అడ్డంగా లోహపు కడ్డీలు ఉంటాయి కదా, ఫ్రెట్స్ అంటాం. అవి ఎక్కడుండాలో ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది. మనం వేలు పెట్టి నొక్కడమే. వీణకీ అలాంటివే ఉంటాయి. వాటిని మెట్లు అంటారు. లెక్కపెట్టి చూడండి, 24 ఉంటాయి. కర్ణాటక సంగీతం వాయించే ఏ వీణ తీసుకున్నా అంతే. బొబ్బిలిలో చేసినా 24, నూజివీడులో చేసినా 24, తంజావూరులో చేసినా 24.

ఈ అంకె ఎప్పుడూ ఇలాగే లేదు. వీణ మీద మెట్లు ఎన్నుండాలి, అవి కదలాలా కదలకూడదా అన్నది ఒకప్పుడు పెద్ద ప్రశ్న. దానికి 17వ శతాబ్దంలో ఒక జవాబు దొరికింది. సంగీత చరిత్ర ఆ జవాబుని ఒక తెలుగు రాజు పేరుతో ముడిపెట్టింది. ఆయనే తంజావూరు రఘునాథ నాయకుడు.

ఇంటర్‌లో తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్నవాళ్ళకి ఈ పేరు తగిలే ఉంటుంది. దక్షిణాంధ్ర యుగం, తంజావూరు నాయకరాజులు, చేమకూర వేంకటకవి అంటూ రెండు మార్కుల ప్రశ్నలో వచ్చి పోయుంటాడు. నిజానికి ఆయన జీవితం రెండు మార్కులకి సరిపోయేది కాదు. యుద్ధాలు చేశాడు, కావ్యాలు రాశాడు, ఐరోపా వాళ్ళతో ఒప్పందాలు చేసుకున్నాడు. వాటిలో చాలావరకు ఇప్పుడు పుస్తకాల్లోనే ఉన్నాయి. వీణ ఒక్కటి మాత్రం ఇంకా చేతుల్లో ఉంది.

తంజావూరుకి తెలుగు ఎలా వెళ్ళింది?

కథ విజయనగరం దగ్గర మొదలవుతుంది. అచ్యుత దేవరాయల రాణి తిరుమలాంబ. ఆమె చెల్లెలు మూర్తిమాంబ. ఆమెని పెళ్ళాడిన సేవప్ప నాయకుడికి 1532 ప్రాంతంలో తంజావూరు నాయకరికం దక్కింది. అంటే చక్రవర్తికి తోడల్లుడు కావేరి డెల్టాకి పాలకుడయ్యాడన్నమాట. దేశంలో బాగా పంట పండే నేలల్లో అదొకటి. సేవప్ప కొడుకు అచ్యుతప్ప, అచ్యుతప్ప కొడుకు రఘునాథుడు.

1565లో రాక్షసి తంగడి యుద్ధం జరిగింది. హంపి పోయింది. పెద్ద సంస్థానం కూలితే అక్కడి పండితులు, కవులు, గాయకులు, శిల్పులు, వడ్రంగులు ఎక్కడికి పోవాలి? అన్నం పెట్టేవాడున్న చోటికే పోతారు. వాళ్ళలో ఎందరికో తంజావూరు ఆ చోటు అయింది. చుట్టూ తమిళం మాట్లాడే ఊళ్ళు, మధ్యలో తెలుగు దర్బారు. ఆ దర్బారులో రఘునాథుడు పెరిగాడు.

తాత, తండ్రి, మనవడు అని మూడు తరాలు మారినా మంత్రి మాత్రం ఆయనే అన్నంత పేరున్న మనిషి ఒకాయన ఉన్నాడు. గోవింద దీక్షితులు. కన్నడ బ్రాహ్మణుడు, వేదాంతి, సంగీత శాస్త్రం తెలిసినవాడు. కుంభకోణంలో మహామహం కోనేటి చుట్టూ ఉన్న మండపాలు ఆయన కట్టించినవే అంటారు. ఈయన్ని గుర్తుపెట్టుకోండి, వీణ కథలో మళ్ళీ వస్తాడు.

కత్తి పట్టిన చెయ్యి

రఘునాథుడు రాజు కాకముందే యుద్ధానికి వెళ్ళాడు. గోల్కొండ సైన్యాలు పెనుకొండ మీదికి వచ్చినప్పుడు వేంకటపతి దేవరాయలికి సాయంగా నిలబడ్డాడని ఆయన కాలపు కావ్యాలు చెబుతాయి. 1600లో అచ్యుతప్ప బతికుండగానే కొడుక్కి పట్టం కట్టి, తాను శ్రీరంగంలో దైవ చింతనలో గడిపాడు. అప్పటినుంచి 1634 దాకా రఘునాథుడి పాలన.

ఇక్కడ మన నెల్లూరు వాళ్ళకి దగ్గరి సంగతి ఒకటుంది. 1614లో వేంకటపతి దేవరాయలు చనిపోయాడు. వారసుడిగా ఆయన ఎంచుకున్నది శ్రీరంగరాయల్ని. గొబ్బూరి జగ్గరాయుడు దానికి ఒప్పుకోలేదు. శ్రీరంగరాయల్ని కుటుంబంతో సహా చెరలో పెట్టించి, చివరికి అందరినీ చంపించాడు. ఒక్క పిల్లాడు మిగిలాడు, రామదేవుడు. ఆ పిల్లాణ్ణి కోటలోంచి ఒక చాకలి సాయంతో బయటికి తప్పించినవాడు వెలుగోటి యాచమ నాయకుడు. మన వెంకటగిరి రాజులు ఆ వెలుగోటి వంశం వాళ్ళే. వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, నిన్న మొన్నటిదాకా నెల్లూరు జిల్లాయే కదా.

యాచముడికి తోడు కావాల్సి వచ్చింది. దక్షిణాన మదురై, జింజి నాయకులు జగ్గరాయుడి వైపు వెళ్ళారు. రామదేవుడి వైపు నిలబడిన పెద్ద నాయకుడు రఘునాథుడొక్కడే. 1616 చివర్లో కావేరి ఒడ్డున, తిరుచిరాపల్లికి దగ్గర్లోని తోపూరు దగ్గర పోరు జరిగింది. జగ్గరాయుడు చచ్చిపోయాడు. ఆ తర్వాత రామదేవరాయలికి కుంభకోణంలో పట్టం కట్టారు. ఉత్తరాన వెంకటగిరి, దక్షిణాన తంజావూరు కలిసి ఒక పిల్లాడి ప్రాణాన్నీ, మిగిలిన విజయనగరాన్నీ కొన్నాళ్ళు నిలబెట్టాయి.

అప్పటికే మన తీరం మారిపోతోంది. 1610లో డచ్చివాళ్ళు పులికాట్‌లో దిగారు. 1613కల్లా అక్కడ కోట లేచింది. దక్షిణాన రఘునాథుడి దగ్గరికి ఇంకా దూరం నుంచి డెన్మార్క్ వాళ్ళు వచ్చారు. 1620 నవంబర్‌లో ఒప్పందం కుదిరింది. తరంగంబాడిలో కోట కట్టుకోవడానికి, వ్యాపారం చేసుకోవడానికి ఆయన అనుమతిచ్చాడు. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కి బంగారు రేకు మీద ఉత్తరం పంపించాడు. ఆ రేకు ఇప్పటికీ డెన్మార్క్‌లో భద్రంగా ఉంది.

కలం పట్టిన చెయ్యి

ఇన్ని గొడవల మధ్య ఈయన రాయడానికి టైం ఎలా దొరికిందో తెలీదు గానీ చాలా రాశాడు. వాల్మీకి చరిత్ర, శృంగార సావిత్రి, నల చరిత్ర, రామాయణం అన్నీ తెలుగులోనే. చేమకూర వేంకటకవి విజయవిలాసం అంకితమిచ్చింది ఈయనకే. రామభద్రాంబ అనే కవయిత్రి ఈయన జీవితాన్ని సంస్కృతంలో రఘునాథాభ్యుదయం పేరుతో కావ్యం చేసింది. ఒక రాజు చరిత్రని ఆ రాజు కొలువులోని స్త్రీ రాయడం మన దేశంలో అరుదు. మధురవాణి అనే ఇంకో కవయిత్రి రఘునాథుడి తెలుగు రామాయణాన్ని సంస్కృతంలోకి తీసుకెళ్ళింది. మామూలుగా సంస్కృతం నుంచి తెలుగులోకి వస్తాయి. ఇక్కడ దారి తిరగబడింది.

కుంభకోణం రామస్వామి గుడి ఈయన కాలంలో కట్టిందే. అక్కడ గర్భగుడిలో రాముడి దగ్గర కూర్చున్న ఆంజనేయుడి చేతిలో గద ఉండదు. ఒక చేతిలో రామాయణం తాళపత్రం, ఇంకో చేతిలో వీణ ఉంటాయి. ఎప్పుడైనా అటు వెళ్తే చూడండి. ఆ కాలం మనసులో వీణకి ఏ చోటు ఉందో ఆ విగ్రహం చూస్తే అర్థమవుతుంది.

మెట్లు కదిలే రోజులు

ఇప్పుడు వీణ దగ్గరికి వద్దాం.

తీగని రెండు చివర్లా బిగించి మీటితే ఒక స్వరం వస్తుంది. మధ్యలో నొక్కితే మోగే పొడవు తగ్గి స్వరం పైకి పోతుంది. మెట్టు చేసే పని ఇంతే, ఎక్కడ తెగాలో తీగకి చెప్పడం. అయితే మెట్టు ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే రాగానికో స్వరాల గుంపు. ఒక రాగంలో కోమలమైన రి కావాలి, ఇంకో దాంట్లో కాస్త పైనున్న రి కావాలి.

రఘునాథుడికి యాభై ఏళ్ళ ముందు, 1550లో, రామామాత్యుడు స్వరమేళకళానిధి అనే గ్రంథం రాశాడు. విజయనగరంలో అళియ రామరాయల కాలం అది. అందులో వీణల్ని రెండు రకాలుగా విడదీశాడు. ఒకటి ఏకరాగ మేళ వీణ. ఇందులో వాయించబోయే రాగానికి ఏ స్వరాలు కావాలో వాటికే మెట్లుంటాయి. రాగం మారిస్తే మెట్లు జరుపుకోవాలి. రెండోది సర్వరాగ మేళ వీణ. ఇందులో అన్ని స్వరాలకీ మెట్లుంటాయి, ఏ రాగమైనా జరపకుండా వాయించొచ్చు.

మెట్లు జరపడం అంటే ఏంటో తెలియాలంటే సితార్ చూడండి. దాని మెట్లు దారంతో కట్టి ఉంటాయి. వాయించేవాళ్ళు రాగాన్ని బట్టి కొన్నిటిని కాస్త అటూ ఇటూ జరుపుకుంటారు. ఉత్తరాది ఆ దారిలో నడిచింది. దక్షిణాది ఇంకో దారి పట్టింది. ఆ మలుపు దగ్గర తంజావూరు ఉంది.

రఘునాథుడి కాలంలో కొత్తగా ఒక వీణ పద్ధతి వచ్చింది. దానికి రఘునాథేంద్ర మేళ వీణ అని ఆయన పేరే పెట్టారు. ఒక స్థాయికి 12 స్వరస్థానాలు, రెండు స్థాయిలకి 24 మెట్లు, అన్నీ దండి మీద స్థిరంగా ఉంటాయి. ఈ ఏర్పాటు తంజావూరులో ఈయన కాలంలో స్థిరపడిందని సంగీత చరిత్రకారులు చెబుతారు. సర్వరాగ మేళం అనే ఆలోచన ఈయన కన్నా ముందే ఉందని పైనే చూశాం. ఆలోచన పుస్తకంలో ఉండటం వేరు, అది అందరి చేతుల్లోకీ వచ్చే పనిముట్టుగా నిలబడటం వేరు. ప్రోటోటైప్‌కీ ప్రోడక్ట్‌కీ ఉన్న తేడా మనకి చెప్పక్కర్లేదు. తంజావూరులో జరిగింది రెండోది.

24 మెట్లు, వాటి మీదుగా వెళ్ళే 4 వాయించే తీగలు. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన శ్రుతికీ తాళానికీ ఇంకో 3. కింద అనుమంద్ర పంచమం నుంచి పైకి మొత్తం మూడున్నర స్థాయిల దాకా చేతికందుతుంది. కదిలించాల్సింది వేళ్ళని మాత్రమే.

కొంచెం లెక్క

మన మ్యాగజైన్ కాబట్టి ఒక లెక్క వేసుకుందాం. తీగ పొడవు మేరువు నుంచి గుర్రం దాకా 80 సెం.మీ. అనుకోండి. మేరువు అంటే దండి పై చివర తీగ ఆనే చోటు. గుర్రం అంటే కుండ మీద తీగల్ని మోసే ముక్క, గిటార్‌లో బ్రిడ్జ్ లాంటిది. స్థాయిని 12 సమాన భాగాలు చేస్తే ఒక్కో మెట్టుకి మోగే పొడవుని 1.0595తో భాగించుకుంటూ పోవాలి. 2కి పన్నెండో మూలం అది.

మొదటి మెట్టు మేరువు నుంచి సుమారు 4.5 సెం.మీ. దగ్గర పడుతుంది. 12వది సరిగ్గా సగంలో, 40 సెం.మీ. దగ్గర. 24వది 60 సెం.మీ. దగ్గర. 23కీ 24కీ మధ్య ఎడం 1.2 సెం.మీ. కూడా ఉండదు. వీణ మీద మెట్లు పైనుంచి కిందికి వస్తున్నకొద్దీ ఎందుకు ఇరుకవుతాయో ఇప్పుడు తెలిసింది కదా.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చెవికి హాయిగా వినిపించే పంచమం అంటే తీగలో మూడింట రెండు వంతులు మోగాలి. సమాన భాగాల లెక్కలో వచ్చే 7వ మెట్టుకీ దీనికీ తేడా 0.6 మి.మీ. మాత్రమే. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ అంతర గాంధారం చూడండి. అది తీగలో అయిదింట నాలుగు వంతులు మోగితే స్వచ్ఛంగా ఉంటుంది. సమాన భాగాల లెక్కలో వచ్చే 4వ మెట్టు దానికి దాదాపు 5 మి.మీ. తేడాలో పడుతుంది. అంత తేడాని చెవి కచ్చితంగా పట్టేస్తుంది. మెట్లు స్థిరంగా పెడితే ఎక్కడో ఒకచోట సర్దుకోవాల్సిందే. అన్ని రాగాలకీ, అన్ని స్వరాలకీ సరిపోయే ఒకే చోటు అంటూ లేదు.

మరి ఈ చిక్కుని వీణ ఎలా దాటింది? రెండు రకాలుగా. ఒకటి వాయించేవాళ్ళ చేతిలో ఉంది. మెట్టు మీద తీగని పక్కకి లాగితే బిగువు పెరిగి స్వరం పైకి పోతుంది. మన సంగీతానికి ప్రాణం అనుకునే గమకం అలా పలుకుతుంది. మెట్టు నిలబడి ఉంటుంది, స్వరం దాని చుట్టూ తిరుగుతుంది. ఇందుకే వీణ మెట్లు గిటార్ ఫ్రెట్స్‌లా చెక్కలోకి దిగి ఉండవు, ఎత్తుగా ఉంటాయి.

రెండోది చేసేవాళ్ళ చేతిలో ఉంది. వీణ మెట్లని మేకులు కొట్టి బిగించరు. దండి మీద రెండు వైపులా తేనె మైనంలో మసి కలిపిన నల్లటి ముద్దని గట్టులా పోస్తారు. దాని మీద కంచు మెట్లని కూర్చోబెడతారు. మైనం వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. రోజూ వాయించేటప్పుడు మెట్టు కదలదు. ఎండలకీ, వయసుకీ మైనం ఎండిపోయి మెట్టు జరిగిందనుకోండి, పనివాడు మళ్ళీ కరిగించి సరిచేస్తాడు. ఈ పనిని మేళం కట్టడం అంటారు. ఒక్కో మెట్టు పెట్టి, తీగ మీటి, విని, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ వినాలి. 12వ మెట్టు మీద పలికే షడ్జం ఉత్త తీగ షడ్జంతో కలిసిపోవాలి. స్కేలుతో కొలిచి పెడితే సరిపోదు. నొక్కినప్పుడు తీగ కాస్త సాగుతుంది, ఆ సాగుడు కూడా లెక్కలోకి రావాలి. ఆ లెక్క చేసేది చెవే.

అంటే ఈ మెట్లు స్థిరమే, కానీ రిపేరుకి లొంగే స్థిరం. మొత్తం డిజైన్‌లో నాకు నచ్చింది ఇదే. నాలుగు వందల ఏళ్ళు ఒక వస్తువు నిలబడాలంటే అది గట్టిగా ఉంటే చాలదు, విప్పి సరిచేయడానికి వీలుగా కూడా ఉండాలి.

ఇంతకీ చేసింది ఎవరు?

ఈ ప్రశ్న అడక్కుండా ఈ జీవితం చెప్పడం న్యాయం కాదు.

రఘునాథుడి పేరు మీద సంగీత సుధ అనే సంస్కృత గ్రంథం ఉంది. జయంతసేన రాగం, రామానంద తాళం ఆయన సృష్టించినవని అందులో ఉంది. అయితే ఆ గ్రంథం రాసింది మా నాన్నగారే అని గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి తన పుస్తకంలో చెప్పుకున్నాడు. మంత్రి రాసి రాజు పేరు పెట్టడం ఆ రోజుల్లో వింతేం కాదు. ఇద్దరూ కూర్చుని చర్చించుకుని తేల్చిన విషయాలు కూడా అందులో ఉండొచ్చు. రఘునాథుడికి సంగీతం లోతుగా తెలుసన్నది మాత్రం ఆ కాలపు కవులందరూ చెప్పిన మాట.

వీణ విషయంలో ఇంకో మనిషి కూడా ఉండాలి. రాజు కోరగలడు, మంత్రి లెక్క చెప్పగలడు. కానీ పనస దుంగని తొలిచి, కుండని పల్చగా చెక్కి, దండిని అతికించి, యాళి ముఖం దిద్ది, మైనం పోసి 24 మెట్లు కూర్చోబెట్టినవాడు ఒక వడ్రంగి. మెట్టు వంకర పోయినప్పుడు రాజుగారి ముందు తల వంచుకుని మళ్ళీ పెట్టుంటాడు. ఇది బాగుంది, ఇది బాలేదు అని చెప్పగల చెవి అతనికీ ఉండుండాలి, లేకపోతే ఈ పని జరగదు. అతని పేరు ఏ కావ్యంలోనూ లేదు. రామభద్రాంబ రాజు మీద కావ్యం రాసింది, వేంకటమఖి తండ్రి పేరు నిలబెట్టాడు, వడ్రంగి తరఫున రాసినవాళ్ళు లేరు.

రాజు పేరు తీసేయమని కాదు నేననేది. ఆయన కొలువు లేకపోతే ఆ ముగ్గురూ ఒకచోట కూర్చునేవాళ్ళు కాదు. వినేవాడు, లెక్క కట్టేవాడు, చెక్కేవాడు ఒకే గదిలో ఉండేలా చూడటం కూడా ఒక గొప్ప పనే. మన ప్రాజెక్టుల్లో ఈ ముగ్గురూ కలవక ఎన్ని మూలపడ్డాయో మనకే తెలుసు.

మెట్ల నుంచి మేళకర్తలకి

1634లో రఘునాథుడి పాలన ముగిసింది. కొడుకు విజయరాఘవుడు వచ్చాడు. ఆయన కోరిక మీదే వేంకటమఖి చతుర్దండీ ప్రకాశిక రాశాడు. కర్ణాటక సంగీతంలో 72 మేళాల లెక్క మొదట కనిపించేది ఇందులోనే. ఆ పుస్తకంలో మొదటి ప్రకరణం దేని గురించో తెలుసా? వీణ గురించి. రఘునాథేంద్ర మేళ వీణ వివరాలు కూడా అక్కడే ఉన్నాయి. మేళాల లెక్క తర్వాత వస్తుంది.

ఆ వరుస చూస్తే నాకు ఒక సంగతి తట్టింది. మీరూ వీణ మెట్లని ఊహించుకుని చూడండి. ఉత్త తీగ షడ్జం, 7వ మెట్టు పంచమం. ఈ రెండూ మారవు. మధ్యమం 5 లేదా 6, రెండే దారులు. రి, గ ఇద్దరూ 1, 2, 3, 4 మెట్లలో ఏవో రెండిటి మీద కూర్చోవాలి. నాలుగింట్లో రెండు ఎంచుకోవడం, ఇంటర్ లెక్క, 6 రకాలు. ద, ని ఇద్దరూ 8, 9, 10, 11లో రెండు, మళ్ళీ 6 రకాలు. 2ని 6తో, మళ్ళీ 6తో గుణిస్తే 72.

మెట్లు కదులుతూ ఉన్నంతకాలం ఈ లెక్క కంటికి కనిపించదు. 12 చోట్లు స్థిరపడ్డాక, దండి ఒక గ్రాఫ్ పేపర్ అయ్యాక, అన్ని కలయికలూ దాని మీద పరుచుకుంటాయి. వేంకటమఖి కాలానికి వాడుకలో ఉన్నవి 19 మేళాలే. మిగతావి ఇంకా ఎవరూ వాయించని ఖాళీ గళ్ళు. ఆవర్తన పట్టికలో మెండలీవ్ వదిలిన ఖాళీల్లాగే వాటిని తర్వాతి వాళ్ళు నింపుకుంటూ వచ్చారు.

రాజ్యం పోయింది, వీణ ఉంది

విజయరాఘవుడి కథ విషాదంగా ముగిసింది. 1673లో మదురై నాయకుల దాడిలో ముసలి వయసులో యుద్ధం చేస్తూ చనిపోయాడు. రెండేళ్ళకి తంజావూరు మరాఠాల చేతిలోకి వెళ్ళింది. పాలకుల ఇంటి భాష మరాఠీ అయింది. అయినా దర్బారులో తెలుగు పోలేదు, వీణా పోలేదు. వందేళ్ళు తిరిగేసరికి తిరువారూరులో త్యాగరాజు, శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితులు పుట్టారు. దీక్షితులు స్వయంగా వైణికుడు. ఆయన ఒళ్ళో ఉన్నది మెట్లు స్థిరపడిన వీణే.

తర్వాత ఒక కొత్త రకం పరిశీలన వచ్చింది. విశాఖపట్నంలో చదువుకుని, కలకత్తాలో ఉద్యోగం చేసిన సి.వి. రామన్ 1921లో మన తీగ వాద్యాల మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. వీణ గుర్రం పైభాగం చదునుగా, కాస్త వంపుగా ఉండటం వల్ల తీగ దాన్ని ఆనీ ఆనకుండా కదులుతుందనీ, అందుకే పాఠ్యపుస్తకం ప్రకారం వినిపించకూడని అనుస్వరాలు కూడా వీణలో, తంబురాలో వినిపిస్తాయనీ తేల్చాడు. ఆయనకి నోబెల్ రావడానికి తొమ్మిదేళ్ళ ముందు సంగతి ఇది. పేరు లేని వడ్రంగులు చెవితో సాధించిన ఒక వంపుని ఫిజిక్స్ అర్థం చేసుకోవడానికి అంతకాలం పట్టింది.

ఇప్పుడు ఆ పని ఎవరి చేతుల్లో ఉంది? తంజావూరులో కొన్ని కుటుంబాలున్నాయి. మన రాష్ట్రంలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా ఒకే పనస దుంగ నుంచి ఏకాండి వీణ చెక్కుతున్నారు. నూజివీడులోనూ వీణలు చేస్తారు. బొబ్బిలి వీణకీ తంజావూరు వీణకీ భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ గుర్తింపు వేరు, గిరాకీ వేరు. సభల్లో జ్ఞాపికగా ఇచ్చే చిన్న బొమ్మ వీణలు కూడా బొబ్బిలి వాళ్ళే చేస్తారు. వాటికి కొనేవాళ్ళు ఉన్నారు. మీటితే పలికే వీణకి కొనేవాళ్ళు తక్కువ. బొమ్మ వీణ మీద మెట్టు ఎక్కడున్నా అడిగేవాళ్ళుండరు. పలికే వీణ మీద ప్రతి మెట్టూ ఒక చెవి ఒప్పుకున్నాకే నిలబడుతుంది. చెవి ఒప్పుకోవడం అనే ఆ చదువు ఒక తరం ఆగిపోతే మళ్ళీ పుస్తకంలో వెతుక్కుంటే దొరకదు.

రఘునాథుడి కోట మన చేతిలో లేదు. ఆయన గెలిపించిన రామదేవరాయల రాజ్యమూ లేదు. ఆయన కావ్యాలు చదివేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కానీ ఈ సాయంత్రం ఏ ఊళ్ళోనో ఒక పాప వీణ ముందు కూర్చుని మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదలుపెడుతుంది. ఆమె వేలు మొదటి మెట్టు మీద, తర్వాత నాలుగో మెట్టు మీద, తర్వాత అయిదో మెట్టు మీద పడుతుంది. ఆ వేలికి దారి వేసిపెట్టినవాళ్ళలో ఒకరి పేరు మనకి తెలుసు.

రెండో పేరు, అంటే ఆ వడ్రంగి పేరు, మనకి ఇక దొరకదు. కానీ ఇప్పుడు మేళం కడుతున్నవాళ్ళ పేర్లు ఇంకా అడిగి తెలుసుకోవచ్చు. మీ ఊళ్ళో, మీ చుట్టాల్లో ఎవరింట్లోనైనా పాత వీణ ఉంటే, దాని మెట్లు ఎవరు కట్టారో, చివరిసారి ఎవరు సరిచేశారో ఒకసారి అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే, వచ్చే సంచికలో ఆ పనితనం గురించి రాయండి.